ఎర్రపువ్వు, పెట్రోలు బండి

కొత్త కారు కొనాలని అనుకున్నప్పటి నుంచి మా ఇంట్లో భోజనాల దగ్గర ఇంజన్ల గోలే. మా ఆయన పెట్రోలు అంటాడు, మామ డీజిలు అంటారు. వినేవాళ్ళకు తండ్రీకొడుకులు మైలేజీ మీద పంతాలకు పోతున్నట్టే ఉంటుంది. మామకు చెవులు వినబడడం లేదనీ, ఆయన చేతికి ఇంకా స్టీరింగ్ ఇవ్వవచ్చా లేదా అన్నదే అసలు తగువనీ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట పైకి అనే దమ్ము మాత్రం ఎవరికీ లేదు. నాకూ లేదు. అందుకే నాకు ఆ రోజుల్లో అందరి మీదా ఒళ్ళు మండుతూ ఉండేది.

మామ మా ఆయనకు తండ్రి, మా అమ్మకు సొంత అన్న. మావాళ్ళలో మేనరికాలు మామూలే కాబట్టి ఆయన నాకు పుట్టినప్పటి నుంచీ మామే. పెళ్ళయ్యాక పిలుపు మార్చుకునే పని కూడా పడలేదు. ఆడపిల్ల బండి నడిపితే ఊరంతా ఆగి చూసే రోజుల్లో నన్ను డీజిలు జీపులో కూర్చోబెట్టి, పత్తి తీసేసిన నల్లరేగడి చేలో నడపడం నేర్పింది ఆయనే. "చెవితో కాదు కణ్ణూ, కాలితో విను. ఇంజన్ యాడ మూలుగుతుండాదో అరికాలికి తెలుస్తాది. అప్పుడుదా గేరు మార్చాల" అనేవారు. అప్పుడుదా అంటే అప్పుడే అని. కణ్ణు అన్నది మా కోయంబత్తూరు వైపు పిల్లల్ని ముద్దుగా పిలిచే మాట. నాకు నలభై దాటినా ఆయన నోట అదే పిలుపు.

మేముండేది కోయంబత్తూరు శివార్లలో. మా ఆయన పంపుసెట్ల విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాపు నడుపుతాడు. పొలం మాత్రం కంబం లోయలో ఉంది. అరటి, కొంచెం ద్రాక్ష. నెలలో రెండు మూడుసార్లు మామ పాత డీజిలు బండిలో తనే నడుపుకుంటూ అక్కడికి వెళ్ళేవారు. పోయేటప్పుడు ఎరువుల మూటలు, మోటారు సామాన్లు. వచ్చేటప్పుడు అరటిగెలలు. తోటలో పని చూసేందుకు మనుషులున్నారు, ఆయన వెళ్ళకపోతే అరటి కాయడం మానదు. కానీ వారం దాటి ఇంట్లో ఉంటే ఆయన అన్నం ముద్ద సగానికి తగ్గిపోతుంది. డ్రైవర్ని పెట్టుకోమని అత్త ఒకసారి అని చూసింది. "నన్ను మూట మాదిరి ఎవుడో ఏసుకపోతే నేను పోయినట్టా? ఆ మూట ఈడనే పడుండనీ" అని ఎగిరిపడ్డారు. అత్త మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

చెవికి మిషన్ కూడా కొని ఇచ్చాం. ఒక్కరోజు పెట్టుకున్నారు. "ఇది పెడితే మాట్టుతావణి మండీ మొత్తం నా చెవిలో దిగినట్టుండాది. ఎవురు ఏమంటుండారో ఒక్కటీ తెలీలే" అని తీసి బీరువాలో పెట్టేశారు. అరటిగెలల లారీతో మదురై వెళ్ళి, ఆ కూరగాయల మండీలో గొంతు చించుకుని బేరాలాడిన మనిషి ఆయన. ఆ గోల ఎలాంటిదో తెలిసే అన్నారు. మిషన్ లేకపోతే మాత్రం మనం రెండుసార్లు చెప్పాలి, మూడోసారి అరవాలి.

ఇంతవరకూ నేనూ అందరిలాగే చూసీ చూడనట్టు ఉన్నాను. వత్తలగుండు దగ్గర జరిగిన సంగతి తర్వాత ఇక కుదరలేదు.

ఆరోజు నేను ఆయన పక్కన కూర్చుని కంబం వెళుతున్నాను. బండి నడపడంలో వంక పెట్టడానికేమీ లేదు. గేరు మార్చినా తెలియదు, బ్రేకు వేసినా తెలియదు, చేతిలో నీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చోవచ్చు. రోడ్డుకు కుడివైపు టీకొట్టు కనబడింది. మామ అద్దంలో ఓసారి చూసి, ఇండికేటరు వేసి, బండి తిప్పారు. ఆయన అద్దంలోంచి కళ్ళు తిప్పుకున్న ఆ కాస్తలోనే వెనకనుంచి ఒక బస్సు మమ్మల్ని దాటబోయింది. డ్రైవరు హారన్ ఆపకుండా కొడుతూనే ఉన్నాడు. "మామా!" అని అరిచి స్టీరింగ్ పట్టుకుని ఇవతలికి లాగాను. బస్సు రోడ్డు దిగి, దుమ్ము లేపుకుంటూ మా బంపరుకు జానెడు దూరంలో ఆగింది.

కండక్టరు దిగివచ్చి కిటికీ దగ్గర నిలబడి తమిళంలో నోటికొచ్చినట్టు తిట్టాడు. ముసలాయనకు బండి ఎందుకు, అరుగుమీద కూర్చోలేడా, బస్సులో ఇంతమంది ప్రాణాలు తీస్తాడా అని. మామ అతని పెదాలవైపే చూస్తూ ఉన్నారు. అతను తిట్టి తిట్టి వెళ్ళిపోయాక నావైపు తిరిగారు.

"ఏమంటుండాడు?"

"టైమైపోతా ఉండాదంట మామా."

తల ఊపారు. దిగి టీ తాగాం. ఆయన తోట సంగతులు చెబుతూ నింపాదిగా తాగారు. అంత దగ్గరగా వచ్చి పోయినదేమిటో ఆయనకు తెలియలేదని అప్పుడు అర్థమై, భయం కన్నా ఎక్కువగా దుఃఖం వచ్చింది. ఇంజన్ గొంతు కాళ్ళకు అందుతుంది. వెనక మోగే హారన్ కాళ్ళకు ఎక్కడ అందుతుంది?

ఇంటికి వచ్చాక మా ఆయనకు చెప్పాను. తలపట్టుకున్నాడు. రెండు రోజులు ఆలోచించి, పాత బండి అమ్మేద్దాం, పెట్రోలు బండి కొందాం అన్నాడు. నిజంగా బండి మంచిచెడ్డల గురించే అనుకున్నాను ముందు. ఇప్పటి డీజిలు బండ్లలో పొగ వడకట్టే ఫిల్టరు ఒకటి ఉంటుందట. ఊళ్ళో రెండు కిలోమీటర్లు, మూడు కిలోమీటర్లు తిప్పితే అది మసిపట్టి మూసుకుపోతుందట. మనం తిరిగేదంతా వర్క్‌షాపుకూ బజారుకూ కదా అన్నాడు. పెట్రోలు ఇంజన్ మెత్తగా ఉంటుంది, సద్దుండదు, బండి ధర కూడా తక్కువ. అన్నీ సరైన మాటలే. చివర్లో గొంతు తగ్గించి అసలుది చెప్పాడు.

"సద్దు లేకపోతే నాయనకు ఇంజన్ పట్టు దొరకదు. ఆయనకే నడపబుద్ధి కాదు. మనమేమీ అనాల్సిన పన్లేదు."

"అంటే ఆయన్ని మోసం చేసి దించుతామా బావా?"

"మోసమేముండాది? ఆయనకు నేను చెప్పలేను. నువ్వు చెప్పగలవా? నీ మామే కదా, చెప్పు పో."

ఆయన దిగాలి అని నాకూ ఉంది. ఎదురుగా నిలబడి ఆ మాట అనడానికి నోరు రాదు. మా ఇళ్ళలో పెద్దవాళ్ళతో ఏదైనా మాట్లాడవచ్చు, 'ఇక చాలు' అని మాత్రం అనకూడదు. పొలం పంపకాలు తెగక కోర్టుకెక్కినవాళ్ళు కూడా వాకిట్లో ఎదురుపడితే 'తిన్నారా' అని అడిగి పోతారు. ఈ మర్యాద మీద నాకు గౌరవం లేదు. ఆ మర్యాదే నా నోరు కూడా కట్టేసింది.

మామ తక్కువవారు కాదు. భోజనాల దగ్గర కొడుకు ఒక్కొక్క కారణమే చెబుతుంటే ఒక్కొక్కటే కొట్టిపారేసేవారు. "కంబానికి పోయి వస్తే ఆ ఫిల్టరో గిల్టరో దానంతట అదే శుభ్రమవుతాది. మూటలేసుకుని ఘాట్ ఎక్కాలంటే డీజిలే కావాల. పెట్రోల్లో ఇప్పుడు చక్కెర ఫ్యాక్టరీ సారాయి కలుపుతుండారు, అది తాగి బండి యాడ పడతాదో!" కొత్త డీజిలు బండ్లలో పొగ తగ్గడానికి యూరియా కలిపిన నీళ్ళు విడిగా పోయాలని మా ఆయన బెదిరించబోయాడు. మామ ముఖం వెలిగిపోయింది. "యూరియానా? తోటలో మూటలు మూటలుగా ఉండాది. అరటికి ఒక గుప్పెడు, బండికి ఒక గుప్పెడు!" అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అది పొలానికి వేసే యూరియా కాదనీ, పోస్తే బండి షెడ్డుకు పోతుందనీ మా ఆయన అరిచి చెప్పేసరికి అన్నం చల్లారిపోయింది.

చివరికి రెండూ నడిపి చూద్దామని షోరూముకు తీసుకుపోయాం. అమ్మే కుర్రాడు తమిళంలో, మాటకొక 'సారుంగ' తగిలిస్తూ, మామను పెట్రోలు బండి సీట్లో కూర్చోబెట్టాడు. బటను నొక్కమన్నాడు. నొక్కారు. మీటర్లు వెలిగాయి. మామ కొంచెంసేపు ఆగారు. అరిచెయ్యి గేరురాడ్డు మీద పెట్టారు. తీసి స్టీరింగ్ మీద పెట్టారు. చెప్పు విడిచి ఒట్టికాలు నేలకు ఆనించారు. ఇంకా బండి స్టార్టు కాలేదనుకుని మళ్ళీ బటను నొక్కారు. ఇంజన్ ఆగిపోయింది.

"అదేనుంగ సారూ దీని గొప్ప! ఆన్‌లో ఉండాదో ఆఫ్‌లో ఉండాదో తెలియనే తెలియదు!" అని ఆ కుర్రాడు సంబరంగా అన్నాడు. మామకు ఆ మాట వినబడలేదు. మా అందరి ముఖాలూ కనబడ్డాయి. మా ఆయన పక్కకు తిరిగి టైరు చూస్తున్నాడు. తను కోరుకున్నది కళ్ళముందు జరిగాక అతనికి దాన్ని చూసే ధైర్యం లేకపోయింది. నాకు అతని మీద కోపం వచ్చింది, వెంటనే జాలీ వేసింది.

తర్వాత డీజిలు బండి ఎక్కారు. ఇంజన్ అందుకోగానే ఆయన భుజాలు కిందికి జారాయి, పెదాలు విచ్చుకున్నాయి. "ఇది మాట్లాడుతుండాది" అన్నారు. రోడ్డు చివరిదాకా నడిపి తీసుకొచ్చారు. వెనక సీట్లో కూర్చున్న నాకు ఎక్కడా చిన్న కుదుపు తగల్లేదు. మలుపు దగ్గర ఒక స్కూటరామె హారన్ కొడుతూ పక్కనుంచి దూసుకువచ్చి, ఈయన ఆగరని చూసి తనే ఆగింది. అది నేను చూశాను. మా ఆయన చూశాడు. మామ షోరూము ముందు బండి ఆపి, దిగి, బానెట్ మీద చెయ్యి వేసి, "ఇదిదా" అన్నారు.

ఆ రాత్రీ మర్నాడూ తండ్రీకొడుకులు మాట్లాడుకోలేదు. మూడోనాడు కాఫీ తాగుతూ మామే అన్నారు.

"ఇంతకాలం ఇంటికి పెద్దపని వస్తే ఎవుర్ని అడిగినాం? అమ్మవారికి పువ్వు వేద్దాం. ఆమె ఏది చెప్పితే అది."

మా ఇంటి అమ్మవారు కంబం పొలానికి దగ్గర్లో చిన్న గుడిలో ఉంటుంది. పెళ్ళి సంబంధం, బావి తవ్వడం, ఇల్లు కట్టడం, ఏది తేల్చుకోలేకపోయినా మావాళ్ళు అక్కడికి వెళ్ళి పువ్వు అడుగుతారు. ఒక పొట్లంలో తెల్లనందివర్ధనం, ఇంకో పొట్లంలో ఎర్రగన్నేరు, రెండూ ఒకేలా ఆకులో చుట్టి అమ్మవారి పాదాల దగ్గర పెడతారు. అడిగేవాళ్ళు ఏ పువ్వుకు ఏమిటో మనసులోనే మొక్కుకుంటారు, పొట్లం విప్పేదాకా పైకి చెప్పరు. పూజారి ఒకటి తీసి ఇస్తాడు. వచ్చినదాని మీద ఇక వాదన ఉండదు. ఇంజనీరింగ్ చదివిన మా ఆయన కూడా వర్క్‌షాపు పెట్టేముందు పువ్వు అడిగినవాడే.

ఆదివారం అందరం పాత బండిలో బయల్దేరాం. మా ఆయన నడిపాడు, మామ ముందు సీట్లో కూర్చున్నారు. తేని దాటాక మా ఆయన ఆగలేక, పైకి చెప్పకూడదని తెలిసీ గట్టిగా అడిగాడు.

"తెల్లది పెట్రోలు, ఎర్రది డీజిలు. అంతేనా నాయనా?"

మామ తల ఊపారు. విన్నారో, వినకుండానే ఊపారో ఎవరికి తెలుసు? నేను మాత్రం దారిపొడుగునా తెల్లపువ్వు రావాలని మొక్కుకుంటూనే ఉన్నాను. ఎర్రది వస్తే ఆ బస్సు మళ్ళీ వస్తుంది. అందులోనో, ఎదురుగా వచ్చే స్కూటరు మీదో ఎవరో ఒకరుంటారు. మామే మిగలకపోవచ్చు. అప్పుడు మా నోరు పెగలకపోవడమే ఆ ప్రాణం తీసినట్టవుతుంది. ఇంత పెద్ద సంగతిని రెండు ఆకుపొట్లాల మీద పెట్టి కూర్చున్నామని నాకు సిగ్గుగానూ ఉంది. అమ్మవారంటే నమ్మకం లేక కాదు. మేము చెయ్యవలసిన పనిని ఆమె నెత్తిన పెట్టామని.

పూజారి హారతి ఇచ్చి, కళ్ళు మూసుకుని ఒక పొట్లం తీసి మామ చేతిలో పెట్టాడు. మామ నింపాదిగా ఆకు విప్పారు. ఎర్రగన్నేరు.

మా ఆయన ముఖం మాడిపోయింది. అత్త చేతులు జోడించింది. నేను అక్కడే గట్టుమీద కూర్చున్నాను. మామ ఆ పువ్వును చూస్తూ చాలాసేపు కదలకుండా నిలబడ్డారు. తర్వాత కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నారు.

"పెట్రోల్‌దే బుక్ చెయ్యి" అన్నారు కొడుకుతో.

మా ఆయనకు అర్థం కాలేదు. "ఎర్రపువ్వు కదా నాయనా వచ్చింది! డీజిలు కదా!"

"నేను అడిగింది అది కాదు."

"మరి ఏమడిగినారు?"

"తెల్లది వస్తే నేను ఇంకా బండి నడపొచ్చు. ఎర్రది వస్తే చాలు, దిగు, అని. అమ్మవారు చెప్పేసింది. ఇంక నడపాల్సింది మీరుదా, మీకేది సుఖమో అది తీసుకోండి."

అత్త ఏడ్చింది. మామ పంచె మడతలోంచి పాత బండికి తన దగ్గరుండే రెండో తాళంచెవి తీశారు. కొడుకు చెయ్యి చాపాడు. ఆయన దాన్ని దాటుకుని వచ్చి నా ఒళ్ళో వేసి గుడి బయటికి నడిచారు. తిరుగుదారిలో నేనే నడిపాను. ఆయన వెనక సీట్లో అత్త పక్కన కూర్చుని ఒట్టన్‌చత్రం దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ వచ్చారు.

పెట్రోలు బండి వచ్చింది. బాగుంది. ఊళ్ళో తిప్పడానికి హాయిగా ఉంది, కొండ ఎక్కేటప్పుడు కొంచెం గునుస్తుంది. మా ఆయన చుట్టాలందరికీ అమ్మవారి మహిమ చెబుతున్నాడు. 'మేం ఒక్క మాట కూడా అనక్కర్లేకపోయింది' అంటాడు ప్రతిసారీ. అది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నెలకోసారి మామను నేను కంబం తీసుకుపోతున్నాను. రోడ్డుమీద ఆయన మాట్లాడడం తగ్గిపోయింది. బండి కదలకముందు, "ఇంజన్ వేసినావా?" అని అడుగుతారు. వేశానని రెండుసార్లు చెబుతాను. తోటలో దిగాక కాస్త మనిషవుతారు. ఇంట్లో మటుకు పగలంతా పడుకునే ఉంటున్నారు.

మొదట్లో నాకూ గుండె బరువు దిగింది, ఆ మాట దాచను. కొన్నాళ్ళకు ఒక అనుమానం పట్టుకుంది. ఆయన ఏం మొక్కుకున్నారో పొట్లం విప్పకముందు ఎవరికీ తెలియదు. విప్పాక చెప్పారు. తెల్లపువ్వు వచ్చి ఉంటే ఏమనేవారు? అప్పుడు కూడా, 'తెల్లది వస్తే దిగమని అడిగాను' అనేవారేమో! షోరూములో టైరు చూస్తున్న కొడుకు ముఖమూ, వత్తలగుండులో తిట్లను దాచిన నా ముఖమూ ఆయన చదువుకునే ఉంటారు. కండక్టరు పెదాల్ని అంతసేపు చూసిన మనిషికి ఒక్క మాట కూడా అందలేదంటే ఇప్పుడు నమ్మబుద్ధి కావడం లేదు. చెప్పలేక చస్తున్న మా కోసం, మేము చెప్పే అవసరం లేకుండా, ఆయనే అమ్మవారిని అడ్డం పెట్టుకున్నారా?

ఇది అడగకుండా ఉండలేకపోయాను. ఇంతకాలం అడగవలసినవేవీ అడగని నేను ఇదొక్కటైనా అడగాలనుకున్నాను. మొన్న ఆయన్ని కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళుతున్నాను. బండిలో మేమిద్దరమే. ముందు సీట్లో, నా పక్కనే ఉన్నారు. ఎర్రలైటు పడి బండి ఆపాను. ఈ బండిలో సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతట అదే ఆగిపోతుంది. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి, లోపల చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది. ఆయన చెవి దగ్గరికి వంగి, గట్టిగా, ఒక్కొక్క మాటే అడిగాను.

"మామా, ఆరోజు గుళ్ళో నిజంగా అదేనా మీరు అడిగింది?"

ఆయన నా ముఖంలోకి చూశారు. నా పెదాలను చూశారు. తర్వాత ముందున్న రోడ్డువైపు తిరిగి నా భుజం తట్టారు.

"ఇంజన్ సద్దులో ఏమీ వినబడలే కణ్ణూ" అన్నారు.